హైకోర్టులో ఉచిత లాయర్‌తో హెబియస్ కార్పస్: పనితీరు, ఖర్చు, చివరికి చేతికొచ్చింది

ముందు మార్కులు చెప్పేస్తాను. మా కేసు చూసిన లీగల్ ఎయిడ్ లాయర్ మేడమ్‌కు ఐదుకు ఐదు. అర్జీ పెట్టిన దగ్గర్నుంచి లాయర్‌ను కేటాయించేదాకా జరిగిన పనికి నాలుగున్నర. మనిషిని ఇంటికి రప్పించడంలో హెబియస్ కార్పస్ పిటిషన్‌కు, అంటే పట్టి ఉంచిన మనిషిని చూపించమని, అది అక్రమమైతే విడిపించమని కోర్టును అడిగే దానికి, ఐదు. అక్రమంగా పట్టి ఉంచినందుకు పరిహారం ఇప్పించడంలో, మనకైన ఖర్చు తిరిగి రాబట్టడంలో అదే పిటిషన్‌కు రెండు. ఈ చివరి దాని గురించే ఎక్కువ రాస్తాను. మనిషి దొరికాడా లేదా అనే అందరూ అడుగుతారు, ఆ తర్వాత సంగతి ఎవరూ అడగరు.

నేను ఒక టౌన్‌లో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతాను. తమ్ముడు డీసీఎం వ్యాన్ డ్రైవర్. ఊరి పేరు, స్టేషన్ పేరు, మనుషుల పేర్లు రాయను. మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, ఈ రివ్యూ వల్ల దానికి ఇబ్బంది రాకూడదు.

ఒక మంగళవారం సాయంత్రం మార్కెట్ యార్డు ఎదుట టీ కొట్టు దగ్గర తమ్ముణ్ణి మఫ్టీలో వచ్చిన నలుగురు జీపెక్కించుకుని వెళ్లారు. ఎవరిదో గోదాములో సరుకు పోయిందట, అది మావాడి బండిలోనే దాటిందని అనుమానమట. ఇది కూడా మాకు తర్వాతే తెలిసింది. ఆ రాత్రి స్టేషన్‌కు వెళ్తే "ఇక్కడ ఎవరూ లేరమ్మా" అన్నారు. బుధవారం పొద్దున ఒక కానిస్టేబుల్ గేటు దాకా వచ్చి, "విచారణ అయిపోగానే పంపేస్తారు, మీరు గోల చెయ్యకండి" అని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. లేడని ఒకరు, పంపిస్తామని ఇంకొకరు. అమ్మకు షుగర్, ముద్ద మింగలేకపోయింది. మరదలు చంటిపిల్లను ఎత్తుకుని గేటు దగ్గరే కూర్చుండిపోయింది.

రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టు చేసిన మనిషిని ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పాత నేర విచారణ ప్రక్రియ చట్టం సీఆర్‌పీసీలో ఇది 57వ సెక్షన్. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో (భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో) 58. ఎందుకు పట్టుకున్నారో ఆ మనిషికి చెప్పాలి, ఎక్కడ ఉంచారో ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, లాయర్‌ను కలవనివ్వాలి. బుధవారం సాయంత్రానికి గడువు దాటిపోయింది. మాకు వీటిలో ఒక్కటీ జరగలేదు.

ఇక డబ్బు సంగతి. బుధవారం మధ్యాహ్నానికి మా ముందు మూడు దారులు కనిపించాయి. "స్టేషన్‌లో నాకు పరిచయాలున్నాయి, మాట్లాడి పెడతా" అని వచ్చిన ఒకాయన 40 వేలు అడిగాడు. తెలిసినవాళ్ల ద్వారా ఫోన్లో దొరికిన హైకోర్టు లాయర్ ఒకరు ఫీజు 60 వేలు, సగం ముందే ఇవ్వాలన్నారు. ఆయన్ను తప్పుపట్టను. ఉన్నపళంగా చేతిలో పని పక్కనపెట్టి మన కేసు పట్టుకోవాలంటే వాళ్లకూ ఆఫీసు ఖర్చులుంటాయి. కానీ ఆ రోజు మా ఇంట్లో 30 వేలు పుట్టాలంటే మరదలి పుస్తెలతాడు తాకట్టు పెట్టాలి.

మూడో దారి చూపించింది మా షాపుకు బ్లౌజులు ఇచ్చే ఒక అంగన్‌వాడీ టీచర్. "అక్కా, 15100కి ఫోన్ చెయ్యి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేదు, లాయర్‌ను వాళ్లే ఇస్తారు" అంది. అది జాతీయ న్యాయ సేవల సంస్థ హెల్ప్‌లైన్. 1987లో చేసిన న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు, ఇంకా కొన్ని వర్గాలకు ఆదాయం ఎంతున్నా ఉచిత లాయర్‌ను అడిగే హక్కుంది. మిగిలినవాళ్లకే ఆదాయ పరిమితి చూస్తారు. కాబట్టి ఇంట్లో మగవాణ్ణి పట్టుకెళ్తే పిటిషనర్‌గా తల్లో, భార్యో, అక్కో ఉండటం మంచిది. హెబియస్ కార్పస్ ఆ మనిషే వెయ్యనక్కర్లేదు, అతని కోసం ఎవరైనా వెయ్యొచ్చు. మా కేసులో పిటిషనర్ నేనే.

జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ రాసిచ్చాను. ఆధార్ జిరాక్స్, జరిగింది ఒక పేజీ, సంతకం. ఆదాయ సర్టిఫికెట్ అడగలేదు. ఇది హైకోర్టు పని కాబట్టి అక్కడి లీగల్ సర్వీసెస్ కమిటీకి ఆ సాయంత్రమే మెయిల్ చేశారు. మర్నాడు పొద్దున్నే అక్కడికి రమ్మన్నారు. రాత్రి బస్సెక్కాను. కౌంటర్ దగ్గర ఉన్నాయన కాగితం చూసి "అమ్మాయి మిస్సింగా, ప్రేమ పెళ్లా?" అని అడిగారు. హైకోర్టుకు వచ్చే హెబియస్ కార్పస్‌లలో అలాంటివి చాలా ఉంటాయట. పోలీసు కస్టడీ అని చెప్పగానే, ఆయనే లేచి వెళ్లి ప్యానెల్ లాయర్‌కు, అంటే కమిటీ జాబితాలో ఉన్న లాయర్‌కు ఫోన్ చేశారు. ఆ ఒక్క పనికి ఆయనకు చేతులెత్తి దండం పెట్టాలి. నాలుగున్నరలో తగ్గించిన ఆ అర మార్కు ఎవరి మీదా కోపంతో కాదు. దూరం నుంచి వచ్చేవాళ్లు రాత్రంతా ప్రయాణం చెయ్యక తప్పడం లేదు. జిల్లాలోనే వీడియోలో లాయర్‌తో మాట్లాడించి సంతకాలు తీసుకోగలిగితే ఆ రాత్రి మిగిలేది.

లాయర్ మేడమ్ గురించి వివరంగా చెప్పాలి. ఉచిత లాయర్ అంటే కాగితం పడేసి చేతులు దులుపుకుంటారని మా బంధువులు భయపెట్టారు. నేను చూసింది వేరు. కూర్చోబెట్టి మొదట మంచినీళ్లిచ్చారు. తర్వాత ప్రశ్నలు. ఎన్ని గంటలకు తీసుకెళ్లారు, చూసినవాళ్లెవరు, జీపు నంబరులో ఒక్క అంకెయినా గుర్తుందా, ఏ రంగు చొక్కా వేసుకున్నాడు, ఫోన్ ఎప్పుడు స్విచాఫ్ అయింది, టీ కొట్టు పక్క షాపుల్లో కెమెరా ఉందా. ఆ తర్వాత "ఎవరికైనా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారా?" అని అడిగారు. ఇవ్వలేదని చెప్పాను. "చూడమ్మా, మీరు స్టేషన్ చుట్టూ తిరిగిన తిరుగుడు కోర్టుకు కనపడదు. తారీకు, టైము ఉన్న కాగితం ఒకటి కావాలి" అంటూ అక్కడే నా ఫోన్ నుంచి జిల్లా ఎస్పీకి మెయిల్ పంపించారు. ఇంటి దగ్గర మరదలితో అదే విషయం రిజిస్టర్డ్ పోస్టులో వేయించి, రసీదు ఫొటో తెప్పించుకున్నారు. వెనకటి రోజుల్లో ఇదే పనికి టెలిగ్రాం కొట్టేవాళ్లట. ఉమ్మడి రాష్ట్రంలో కన్నబిరాన్ గారు, బాలగోపాల్ గారు లాంటివాళ్లు పౌరహక్కుల కేసుల్లో ఫీజు ఊసెత్తకుండా నిలబడ్డారని, తను కాలేజీలో ఉండగా వాళ్లను చూసే ఈ వృత్తిలోకి వచ్చానని చెప్పారు.

తమ్ముడి బావమరిదితో టీ కొట్టు పక్క సిమెంటు షాపు కెమెరా రికార్డింగ్ అడిగించమన్నారు. ఆ షాపు యజమాని మంచివాడు, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. ఆ క్లిప్పులో తమ్ముణ్ణి రెక్క పట్టుకుని జీపెక్కించడం కనిపిస్తుంది, పైన తారీకు, టైము ఉన్నాయి. మా కేసులో ఇంతవరకు జరిగిన వాటన్నిటిలో విలువైనది అదే.

అఫిడవిట్ ఇంగ్లీషులో రాశారు, హైకోర్టు పనంతా ఇంగ్లీషులోనే నడుస్తుంది. సంతకానికి ముందు ప్రతి పేరా తెలుగులో చదివి వినిపించారు. ఒకచోట టైము తప్పు పడితే నేను చెప్పాను, వెంటనే మార్చారు. చివర్లో 'ప్రేయర్' అనే భాగం ఉంటుంది, అంటే కోర్టును మనం ఏమేం ఇవ్వమంటున్నామో అది. అక్కడ ఆగి నన్ను అడిగారు. "మీవాణ్ణి చూపించమని, విడిపించమని ఎలాగూ రాస్తాను. అక్రమంగా ఉంచినందుకు పరిహారం, ఈ పిటిషన్ ఖర్చులు, స్టేషన్ సీసీటీవీ భద్రపరచమనే ఆదేశం, ఇవి కూడా అడుగుదామా?" అప్పుడు నాకు తమ్ముడు తప్ప ఏదీ పట్టలేదు. "వాడొస్తే చాలు మేడమ్" అన్నాను. "ఇవాళ మీకు అలాగే ఉంటుంది. ఇవి అడగకపోతే మీవాడు రాగానే ఫైలు మూసేస్తారు" అని, నాకు నచ్చజెప్పి మరీ రాశారు.

ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఆ మూడు లైన్లే.

గురువారం లంచ్ మోషన్ అడిగారు. అర్జెంటు కేసుల కోసం పొద్దున బెంచ్ ముందు ప్రస్తావించి అనుమతి తీసుకుంటే, భోజన విరామం తర్వాత అదే రోజు వింటారు. సెలవు రోజుల్లో అయితే హౌస్ మోషన్ అని జడ్జి గారి ఇంటి దగ్గరే వినే పద్ధతి ఉంది. ఇద్దరు జడ్జీల బెంచ్. ప్రభుత్వ ప్లీడర్ గారు స్టేషన్ నుంచి వివరాలు తెప్పించుకోవడానికి సమయం అడిగితే మర్నాటికి వేశారు. అమ్మ ఫోన్ చేసి, వాణ్ణి జడ్జీల ముందు నిలబెడతారా అని ఒకటే అడగడం. ప్రతి కేసులోనూ మనిషిని కోర్టుకు తేనక్కర్లేదని 1973లోనే సుప్రీంకోర్టు చెప్పిందని మేడమ్ వివరించారు. అది నక్సలైట్ నాయకుడు కానూ సన్యాల్ కేసు, అప్పుడాయన మన విశాఖపట్నం జైల్లోనే ఉన్నారు. నిర్బంధం చట్టబద్ధమా కాదా అనేదే కోర్టు తేల్చాలి, మనిషిని ఎదురుగా పెట్టుకోకుండా కూడా అది తేల్చవచ్చు.

పిటిషన్ కాపీ ప్రభుత్వ ప్లీడర్‌కు మధ్యాహ్నం అందింది. ఆ రాత్రి తమ్ముడు ఆటోలో ఇంటి ముందు దిగాడు. చేతిలో బీఎన్ఎస్ఎస్ 35వ సెక్షన్ కింద నోటీసు. దాని అర్థం అరెస్టు చెయ్యలేదు, పిలిచినప్పుడు విచారణకు వస్తే చాలని. ఒంటి మీద దెబ్బలు లేవు గానీ పాదాలు వాచి ఉన్నాయి. మంగళవారం సాయంత్రం నుంచి నిలబెట్టారట. రాత్రికి రాత్రే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి ఓపీ చీటీ రాయించమని మేడమ్ ఫోన్లో చెప్పారు. అలాగే చేశారు.

శుక్రవారం కోర్టులో ప్రభుత్వ ప్లీడర్ గారు, "గురువారం విచారణకు పిలిచాం, నోటీసు ఇచ్చి పంపాం, మంగళవారం ఎవరూ తీసుకెళ్లలేదు, మనిషి ఇంటికి చేరాడు కనుక ఈ పిటిషన్‌లో ఇంకేమీ మిగల్లేదు" అన్నారు. చాలా హెబియస్ కార్పస్‌లు ఆగిపోయేది ఈ మాట దగ్గరే. మేడమ్ ఆగలేదు. ఆమె చెప్పిన కేసులు తర్వాత అడిగి రాసుకున్నాను.

బిహార్‌లో రుదుల్ షా అనే మనిషిని ముజఫర్‌పూర్ సెషన్స్ కోర్టు 1968లో నిర్దోషి అని వదిలేసింది. జైలు మాత్రం 1982 అక్టోబరులో వదిలింది. 14 ఏళ్లు. ఆయన కోసం వేసిన హెబియస్ కార్పస్ సుప్రీంకోర్టు ముందుకు వచ్చేసరికి ఆయన బయటికి వచ్చేశాడు. మనిషిని వదిలేశామని బిహార్ ప్రభుత్వం చెప్పింది. కోర్టు అక్కడితో ఆపలేదు. బతికే హక్కును కాలరాసినప్పుడు విడుదల ఒక్కటే చాలదని, అప్పటికే ఇచ్చిన 5 వేలు కాక మరో 30 వేలు ఇమ్మని 1983లో తీర్పు చెప్పింది. ఇది తాత్కాలిక ఉపశమనమేనని, కావాలంటే సివిల్ దావా వేసుకోవచ్చని కూడా అంది. ఏడాదికి 2,500 రూపాయల లెక్కన పడింది ఒక మనిషి జీవితం. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. అయినా హెబియస్ కార్పస్‌లో డబ్బు ఇప్పించవచ్చనే తలుపు తెరిచింది ఆ కేసే.

రెండోది భీమ్ సింగ్ కేసు. ఆయన జమ్మూ కాశ్మీర్ ఎమ్మెల్యే. 1985 సెప్టెంబరులో అసెంబ్లీకి వెళ్తుంటే దారిలో పట్టుకుని, మేజిస్ట్రేటు ముందు పెట్టకుండానే రిమాండ్ కాగితాలు రాయించారు. పిటిషన్ వేసింది ఆయన భార్య. విచారణ ముగిసేసరికి ఆయనా బయటే ఉన్నారు. అయినా కోర్టు 50 వేలు పరిహారం ఇమ్మంది. మూడోది మణిపూర్‌ది. 1982లో ఒక హెడ్‌మాస్టర్‌ను, ఒక పాస్టర్‌ను సైన్యం తీసుకెళ్లింది, వాళ్లు తిరిగి రాలేదు. జేఎన్‌యూలో చదివే సెబాస్టియన్ హోంగ్రే అనే విద్యార్థి వాళ్ల కోసం హెబియస్ కార్పస్ వేశాడు. మనుషులను చూపించమన్న ఆదేశం నెరవేరకపోయేసరికి, 1984లో సుప్రీంకోర్టు ఆ ఇద్దరి భార్యలకు చెరో లక్ష రూపాయలు ఇప్పించింది. దాన్ని పరిహారం అని కాకుండా, గుణపాఠంగా విధించే ఖర్చులు అని పిలిచింది. అంటే 'ఖర్చులు' అనే పద్దు కిందనే, లాయర్ ఫీజు, జిరాక్సులు దాటి, ప్రభుత్వానికి తగిలేలా కోర్టు డబ్బు వెయ్యగలదు. నాకు ఇది కొత్త సంగతి.

మా బెంచ్ ఇవన్నీ ఓపిగ్గా వింది. చివరికి, ఎప్పుడు తీసుకెళ్లారనే దాని మీద రెండు పక్షాలు రెండు మాటలు చెబుతున్నాయి కనుక సాక్ష్యాలు చూడకుండా ఈ పిటిషన్‌లో తేల్చలేమంది. మంగళవారం నుంచి గురువారం దాకా స్టేషన్ సీసీటీవీ రికార్డింగ్ భద్రపరచమని ఆదేశించింది. పరిహారం కోసం చట్టంలో ఉన్న మిగతా దారుల్లో వెళ్లే హక్కు మాకు ఉందని రాసింది. ఆఖరి లైను, ఖర్చుల విషయంలో ఉత్తర్వు లేదు.

ఆ లైను ఇలాంటి ఉత్తర్వుల్లో మామూలుగా ఉండేదేనట. మేడమ్ ముందే హెచ్చరించారు. "రుదుల్ షా లాంటి కేసుల్లో జరిగినదాని మీద వివాదం లేదమ్మా. జైలు రికార్డే సాక్ష్యం చెప్పింది. మీ కేసులో స్టేషన్ రికార్డులో మీవాడి పేరే లేదు" అన్నారు. ఇది నేను ఒప్పుకుంటాను, కానీ నాకు నచ్చలేదు. పేరు రాయకుండా లోపల పెట్టడమే తప్పు అయినప్పుడు, పేరు రాయలేదు కాబట్టి రుజువు లేదనడం మాలాంటివాళ్లకు ఎలా న్యాయమవుతుంది? పైగా 60 వేలు పెట్టి లాయర్‌ను పెట్టుకున్నవాళ్ల సంగతి ఆలోచించండి. మనిషి ఇంటికి వస్తాడు, ఫీజు అప్పు మిగిలిపోతుంది. పట్టుకెళ్లినవాళ్ల జేబులోంచి పైసా కదలదు. పరిహారం ప్రభుత్వం ముందు కట్టి, తప్పు చేసిన అధికారి దగ్గర రాబట్టుకోవచ్చని 1996 నాటి సుప్రీంకోర్టు డీకే బసు తీర్పులో ఉంది. ప్రతి అక్రమ నిర్బంధంలో కనీసం పిటిషన్ ఖర్చయినా ఆ అధికారి జీతంలోంచి పడితే, మొదటి రాత్రే స్టేషన్ డైరీలో పేరు రాస్తారని నా గట్టి నమ్మకం. అందుకే ఆ విభాగానికి రెండే మార్కులు.

చట్టం పుస్తకంలో ఇంకో పరిహారం కూడా ఉంది. సరైన కారణం లేకుండా ఎవరైనా పోలీసులతో ఒక మనిషిని అరెస్టు చేయిస్తే, మేజిస్ట్రేటు వాళ్ల చేత పరిహారం కట్టించవచ్చు. బీఎన్ఎస్ఎస్ 399వ సెక్షన్. గరిష్ఠం 1,000 రూపాయలు. చట్టం కొత్తగా రాసినప్పుడు కూడా ఆ అంకె మారలేదు. నేను మగ్గం వర్క్ బ్లౌజు ఒకటి కుడితే అంతకంటే ఎక్కువ తీసుకుంటాను.

ఉచితం అన్నారు కదా, నిజంగా ఎంతయింది అని అడిగేవాళ్లకు: లాయర్ ఫీజు, టైపింగ్, ఫైలింగ్ ఏదీ మా దగ్గర తీసుకోలేదు. బలవంతం చేసినా మేడమ్ ఆటో డబ్బులు కూడా పుచ్చుకోలేదు. మాకైంది బస్సు చార్జీలు, తిండి, జిరాక్సులు, షాపు మూసిన రోజుల రాబడి, తమ్ముడి కిరాయిలు. ఉత్తర్వు కాపీ ఫోన్‌కే వచ్చింది, దాన్ని కూడా తెలుగులో చదివి చెప్పారు. ఒక్క ఇబ్బంది, మేడమ్ ఫోన్ పగలు దొరకదు. కోర్టులో ఉంటారు. సాయంత్రం ఆరు తర్వాత మెసేజ్ పెడితే తప్పకుండా తిరిగి చేస్తారు.

ఈ సేవ ఎక్కడ పని చేయదో కూడా తెలుసుకోండి. మేజిస్ట్రేటు ముందు పెట్టి రిమాండ్‌కు పంపేశారంటే, ఆ రిమాండ్ ఉత్తర్వు పూర్తిగా చట్టవిరుద్ధమైతే తప్ప హెబియస్ కార్పస్ నిలవదు. మనుభాయ్ రతీలాల్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది. అప్పుడు బెయిలే దారి. అందుకే రిమాండ్ రోజున మేజిస్ట్రేటు గారు అడగకపోయినా, నన్ను ఫలానా రోజు ఫలానా గంటకు పట్టుకున్నారని మనవాడు నోరు తెరిచి చెప్పాలి, అది కాగితం మీద పడాలి. రిమాండ్ కోర్టులో కూడా ఉచిత లాయర్ ఉంటారు. ఇక, మనిషిని ఫలానా చోట ఉంచారని కచ్చితంగా తెలిసి, హైకోర్టు దాకా వెళ్లలేనివాళ్లు బీఎన్ఎస్ఎస్ 100వ సెక్షన్ కింద దగ్గర్లోని ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటును గానీ ఆర్డీవోను గానీ సోదా వారెంటు అడగవచ్చు. ప్రైవేటు మనుషులు నిర్బంధించినప్పుడు ఇది బాగా ఉపయోగపడుతుందట.

పీడీ యాక్ట్, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, వేరే కథ. కోర్టు వరండాలో నా పక్కన కూర్చున్న ఒకామె భర్త మీద ఆ చట్టం పెట్టారు. 1986 నాటి ఆ చట్టం కింద ఏడాది దాకా విచారణ లేకుండానే జైల్లో ఉంచవచ్చు. అక్కడ కూడా హెబియస్ కార్పసే ఆయుధం, కానీ లంచ్ మోషన్‌లో ఒక్క రోజులో తేలదు. ప్రభుత్వం వేసే కౌంటర్లు, వాయిదాలు, నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే అడ్వైజరీ బోర్డు. గెలిచేసరికి ఏడాదిలో చాలా భాగం జైల్లోనే గడిచిపోతుంది. 2022లో మల్లాడ కె. శ్రీరామ్ కేసులో, 2023లో అమీనా బేగం కేసులో, 2024లో నేనావత్ బుజ్జి కేసులో తెలంగాణలో ఇచ్చిన నిర్బంధ ఉత్తర్వులను సుప్రీంకోర్టు కొట్టేసింది, మామూలు నేరాలకు ఈ చట్టం వాడొద్దని గట్టిగా చెప్పింది. మొదటి కేసు తీర్పులోనే, అంతకు ముందు ఏడాదిలో హైకోర్టు కనీసం పది ఉత్తర్వులు కొట్టేసిందని రాసింది. గెలుపు సరే, పోయిన నెలలకు లెక్క ఎవరు కడతారు? ఆమెకు నేను చెప్పింది ఒకటే, నిర్బంధానికి కారణాల కాగితం చదవగలిగే భాషలో ఇచ్చారో లేదో, విజ్ఞప్తి పెట్టుకునే అవకాశం త్వరగా ఇచ్చారో లేదో లాయర్‌ను అడగమని. అలాంటి లోపాల మీదే చాలా ఉత్తర్వులు పడిపోతాయని మేడమ్ నాతో అన్నారు.

మా విషయంలో ఇప్పుడు మూడు పనులు నడుస్తున్నాయి. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశాం. ఘటన జరిగిన ఏడాదిలోపే చెయ్యాలి, తర్వాత తీసుకోరు. దావా వెయ్యాలన్నా అక్రమ నిర్బంధానికి పరిహారం అడిగే గడువు నిర్బంధం ముగిసిన రోజు నుంచి ఏడాదే. ప్రభుత్వం మీద దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. ఆ నోటీసు కూడా జిల్లా లీగల్ ఎయిడ్ లాయర్ గారే రాసిచ్చారు, పోయిన నెల వెళ్లింది. స్టేషన్ సీసీటీవీ రికార్డింగ్ కోసం విడిగా దరఖాస్తు పెట్టాం. 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు నుంచి లాకప్ దాకా కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని చెప్పింది. కెమెరా పని చేయలేదనే జవాబు వస్తే, ఎప్పటి నుంచి పని చేయడం లేదో, ఎవరికి రిపోర్టు చేశారో అడగమని మేడమ్ ముందే రాసిచ్చారు.

కమిషన్ వాళ్లు స్టేషన్ నుంచి నివేదిక అడిగారని మాకు కాగితం వచ్చింది. సిమెంటు షాపు పెన్‌డ్రైవ్, ఆసుపత్రి చీటీ, ఎస్పీకి పెట్టిన మెయిల్ ప్రింటు, పోస్టాఫీసు రసీదు ఒక ఫైలులో పెట్టి కాపీలు ఇచ్చాం. ఏది తేలినా, రూపాయి వచ్చినా రాకపోయినా, ఈ రివ్యూ కింద రాస్తాను. అప్పటిదాకా పరిహారం పక్కన ఆ రెండు మార్కులు అలాగే ఉంచుతున్నాను.